ఎంజీబీ మిస్సింగ్ కొడుతోందని రాసిన పిల్లలకు

విజయనగరం

చిరంజీవులు అన్నాచెల్లెళ్లకు పెదతాత ఆశీస్సులు.

మీ తాత పాత బ్రిటిష్ కారు ఎంజీబీ స్లో మీద ఊగిపోతోందనీ, యాక్సిలరేటర్ తొక్కితే మిస్సింగ్ కొడుతోందనీ రాశారు. పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్లు విప్పి కడిగేద్దామా అని అడిగారు. వద్దమ్మా, వాటి జోలికి ఆఖర్న వెళ్దాం. పాత బండ్లలో కార్బొరేటర్ తప్పులా కనిపించేది చాలాసార్లు కరెంటు తప్పే. పైగా దానికి ఎస్‌యూ కంపెనీవి రెండు కార్బొరేటర్లు. ఒకసారి కదిపితే రెండూ సమానంగా గాలి పీల్చేలా మళ్లీ సరిచెయ్యాలి. అప్పుడు పాత తప్పేదో, కొత్త తప్పేదో తెలియకుండా పోతుంది.

నలుగురు బోయీలు మోసే పల్లకీలో ఒకడు అడుగు తప్పితే ఎలా ఊగుతుందో, మీ నాలుగు సిలిండర్ల ఇంజన్ కూడా అలాగే ఊగుతోంది. ఆ ఒకడెవడో ముందు పట్టుకోండి. ఇంజన్ ఆపి ఒక స్పార్క్ ప్లగ్గు వైరు తియ్యండి. దాని కొనకి వేరే ప్లగ్గు తొడిగి, ఆ ప్లగ్గు లోహం ఇంజన్‌కి గట్టిగా తగిలేలా ఆనించి స్టార్ట్ చెయ్యండి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం వైర్లు ముట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. ఊపు ఇంకా పెరిగితే ఆ సిలిండర్ బాగున్నట్టే. ఏ తేడా లేకపోతే, పని చెయ్యనిది అదే.

ఇప్పుడు దాని ప్లగ్గు విప్పి చూడండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన సాక్షి ఇదే. లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగుంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ బలహీనంగా ఉంది. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక గాలి ఎక్కువవుతోంది. నూనె జిడ్డుగా ఉంటే రింగుల నుంచో వాల్వు గైడ్ల నుంచో ఆయిల్ పైకి వస్తోంది. ప్లగ్గు గ్యాప్ 0.025 అంగుళం, ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల, కరెంటు తెంచి కలిపే పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం. కంటితో అంచనా వెయ్యకండి, సందు కొలిచే రేకులుంటాయే, ఆ ఫీలర్ గేజ్ పెట్టే చూడండి. వైర్ల వరుస 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ తిరిగేది గడియారం ముళ్లకి ఎదురు దిక్కున. రెండు వైర్లు తారుమారైనా ఇదే ఊపు వస్తుంది.

మీది కళింగపట్నం సముద్రపు గాలి కదా, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద నాకు బాగా అనుమానం. రాత్రి షెడ్డులో లైట్లు ఆర్పి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచే చూడండి. క్యాప్ మీదా వైర్ల చుట్టూ నీలి మెరుపులు పాకుతుంటే స్పార్క్ ప్లగ్గుదాకా పోకుండా దారిలోనే కారిపోతోందన్నమాట. పొడిబట్టతో తుడవండి, పగులుంటే క్యాప్ మార్చెయ్యండి. ఏదైనా ఒక్కసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి, కాగితం మీద రాసుకోండి.

కరెంటు బాగుంటే, ఎక్కడైనా గాలి లీకై లోపలికి పోతోందేమో చూడండి. సన్నటి రబ్బరు గొట్టం ఒక చివర చెవికి పెట్టుకుని, రెండో చివర, కార్బొరేటర్ల నుంచి ఇంజన్‌కి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అతుకుల దగ్గర తిప్పితే లీకున్న చోట బుస్సుమని వినిపిస్తుంది. ఫ్యాను దగ్గర జాగ్రత్త, చున్నీ వేలాడనివ్వకు తల్లీ. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమ పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది, మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గిస్తుంది. నెలల తరబడి నిలబడ్డ బండి కాబట్టి ట్యాంకులో పాత పెట్రోలు తీయించేయండి. ఆ పని మీ తాతే చెయ్యాలి, మీరు కాదు.

అప్పటికీ కుదరకపోతే నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూడాలి. ఒకటి తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ తక్కువైతే హెడ్ గ్యాస్కెట్.

ఇంకో సంగతి. 1967 చివరికి ముందు తయారైన ఎంజీబీలో బ్యాటరీ పాజిటివ్ వైరే బాడీకి ఉండేది. మీ బండిలో ఎటుందో చూసుకోకుండా, స్పార్క్‌కి కరెంటిచ్చే కాయిల్ కొత్తది బిగించకండి.

నాలుగు ప్లగ్గులూ సిలిండర్ల వరుసలోనే తెల్లకాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీసి పంపండి. అవి చూశాకే కార్బొరేటర్ల సంగతి రాస్తాను.

మీ పెదతాత