మూడో రోజు గండం: తాగుడు, మత్తు వైద్యంపై అపోహలు - వాస్తవాలు

"మూడు రోజుల సంది కల్లు ముట్టలేదు సార్. మంచిగనే ఉన్నడనుకున్నం. రాత్రి నుంచి గోడ మీద పురుగులు పారుతున్నయని దులుపుతుండు. గాలి సోకిందేమోనని తాయత్తు కట్టిచ్చినం."

తెలంగాణ జిల్లాల్లో మానసిక వైద్యం చేసే నాలాంటివాళ్లకు ఈ మాటలు కంఠతా వచ్చు. వాళ్లు తీసుకొచ్చిన మనిషి మంచం మీద కూర్చుని, లేని దారాన్ని వేళ్లతో లాగుతుంటాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుని ఉంటుంది. నీళ్ల గ్లాసు నోటిదాకా వెళ్లేలోపే సగం ఒలికిపోతుంది. ఇంటివాళ్లు చెడు చేయాలని ఏమీ చేయలేదు. మానెయ్యమన్నారు, మానేశాడు. ఎలా మానాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: మానితే ఒక్కసారిగా మానెయ్యాలి, రెండు రోజులు ఓర్చుకుంటే సరిపోతుంది.

వాస్తవం: రోజూ ఎక్కువగా తాగే మనిషి చప్పున ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఏళ్ల తరబడి మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మద్యం ఆగిపోయినా ఆ వేగం వెంటనే తగ్గదు. మొదటి రోజు వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి. ఫిట్స్ వస్తే సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం, గుండె దడ వస్తాయి. దీన్ని డెలీరియం అంటాం. వైద్యం అందకపోతే చనిపోయేవాళ్లున్నారు. వైద్యం అందితే ఎక్కువమంది కొద్ది రోజుల్లో తేరుకుని ఇంటికెళ్తారు. మెదడు వేగాన్ని తగ్గించే డైజెపాం, లోరాజెపాం లాంటి మందులు తగిన మోతాదులో మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తాం.

కల్లు సంగతి ఇంకా చిక్కు. "కల్లే కదా సార్, బ్రాందీ కాదు కదా" అంటారు. చెట్టు నుంచి దించిన కల్లయితే సరే. గిరాకీకి సరిపడా చెట్లు లేని చోట నీళ్లలో అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్ముతున్నారు. తాగేవాడు రోజుకు ఎన్ని నిద్రమాత్రలు మింగుతున్నాడో అతనికే తెలియదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం బారులు తీరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు మద్యం దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ అదే రద్దీ. కల్తీని అడ్డుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దుకాణానికి తాళం వేసే రోజుకే ఆ మండలంలోని పీహెచ్‌సీలో మందులు, వాటిని వాడటం తెలిసిన డాక్టరు సిద్ధంగా ఉండాలి.

అపోహ: నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు.

వాస్తవం: ఊళ్లో అందరూ చేసే పని ఇదే, నన్ను బాగా భయపెట్టేదీ ఇదే. ఏళ్లుగా తిండి మానేసి తాగేవాళ్ల ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటిపోయి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి శరీరానికి ఆ విటమిన్ కావాలి. ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు చెదరడం, మతిమరుపు మొదలవుతాయి. ఆ మతిమరుపు కొందరికి జీవితాంతం పోదు. బాటిల్ పెట్టేవాళ్లను "ముందు బీ1 ఇచ్చారా?" అని అడగండి. మొహమాటపడొద్దు.

అపోహ: అతనికి తెలియకుండా కూరలో పొడి కలిపి పెడితే తాగుడు మీద విరక్తి పుడుతుంది.

వాస్తవం: గోడల మీద, బస్సుల వెనక ఈ ప్రకటనలు చూస్తూనే ఉంటాం. ఒకసారి ఒక చెల్లెమ్మ కొంగు ముడి విప్పి కాగితం పొట్లం చూపించింది. లోపల తెల్లటి పొడి, పేరు లేదు, మోతాదు లేదు. పప్పులో కలపమన్నారట. అందులో ఏముందో నాకూ తెలియదు. కొందరు ఇలా ఇచ్చేది డైసల్ఫిరామ్. అది నిజమైన మందే, కానీ వాడే మనిషి ఒప్పుకుని, జాగ్రత్తలన్నీ తెలుసుకుని వాడాల్సినది. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడైతే ప్రాణమే పోవచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండొచ్చు. పైగా విషయం బయటపడిన రోజు నుంచి భార్య వడ్డించిన అన్నం తినడానికి అతను భయపడతాడు. మళ్లీ అతన్ని ఆసుపత్రికి ఒప్పించడం ఇంకా కష్టమవుతుంది.

అపోహ: కట్టేసి ఆరు నెలలు తాగుడు మాన్పించే సెంటర్‌లో పడేస్తేనే దారికొస్తాడు.

వాస్తవం: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే సమస్యలూ ఆ చట్టం కిందికే వస్తాయి. డాక్టరు లేని సెంటర్‌లో నేను చెప్పిన ఆ మూడో రోజు వస్తే ఎవరు చూస్తారు? చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ కాగితం, రాత్రి డ్యూటీ డాక్టరు ఎవరన్నది అడగండి.

అపోహ: మళ్లీ తాగాడంటే వైద్యం దండగ.

వాస్తవం: షుగర్ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లడం మానెయ్యం కదా. ఇదీ అంతే. మళ్లీ తాగాలన్న తపన తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. అవి అందడమే లేదు. ఢిల్లీ ఎయిమ్స్ చేయగా 2019లో కేంద్రం విడుదల చేసిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం దొరికింది.

ఇప్పుడే మానలేనన్నవాణ్ణి "మానాలనిపించినప్పుడు రా" అని నేనూ మొదట్లో పంపేసేవాణ్ణి. వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఇప్పుడు అలా పంపను. తిని తాగు, ఖాళీ కడుపుతో వద్దు. బండి తాళం ఇంట్లో ఇచ్చి వెళ్లు. మద్యంతో నిద్రమాత్రలు కలపకు. బీ1 మాత్ర రోజూ వేసుకో. వచ్చే నెల మళ్లీ కనబడు. మేం 'నష్టం తగ్గించడం' అనేది దీన్నే. తాగమని చెప్పడం కాదు, మానే రోజు దాకా అతన్ని బతికించుకోవడం.

అపోహ: హెరాయిన్ వాడేవాళ్లకు బుప్రెనార్ఫిన్ ఇవ్వడం, కొత్త సూదులివ్వడం అంటే ప్రభుత్వమే మత్తు అలవాటు చేయడం.

వాస్తవం: మణిపూర్ లాంటి చోట్ల ఒకే సూదిని పంచుకోవడం వల్ల హెచ్ఐవీ ఎలా పాకిందో దేశం చూసింది. అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఈ రెండు పనులూ చేపట్టింది. నాలుక కింద కరిగే బుప్రెనార్ఫిన్ మాత్ర ఒంటి నొప్పులు, తపన ఆపుతుంది, కానీ హెరాయిన్‌లా తలకెక్కించదు. సిబ్బంది ఎదురుగా మాత్ర వేసుకుని పనికి వెళ్లిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇంకో మాట: కొన్నాళ్లు హెరాయిన్ మానేసి పాత మోతాదే మళ్లీ ఎక్కించుకుంటే శ్వాస ఆగిపోవచ్చు, ఒంటికి పాత ఓర్పు ఉండదు. జైలు నుంచో సెంటర్ నుంచో వచ్చిన తొలి వారాలు అందుకే చాలా ప్రమాదం.

అపోహ: గంజాయి అలవాటని చెబితే డాక్టరు పోలీసులకు పట్టిస్తాడు.

వాస్తవం: వైద్యానికి వచ్చినవాడి సంగతి గోప్యంగా ఉంచడం మా బాధ్యత. వాడకం కేసులో గానీ, చిన్న పరిమాణంతో గానీ దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట పూర్తిగా వైద్యం చేయించుకుంటే, మత్తు పదార్థాలపై ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కోర్టు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. పెద్ద మొత్తంలో సరుకుతో దొరికినవాళ్లకు అది వర్తించదు.

ఓపీకి వచ్చేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా తీసుకురండి. రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఏ రోజు ఎన్నింటికి తాగాడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నది ఒక కాగితం మీద రాసుకురండి. దారి తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మతి తప్పినా ఫోన్లతో ఆగొద్దు, 108కి చెప్పి బయలుదేరండి. తాయత్తు కట్టుకునే రండి, నేను విప్పమనను.