చెప్పులు విడిచి ఎక్కిన నౌక: బడి నాటిక వివాదం వెనుక 1959 నాటి ఒక రాత్రి

విజయవాడలో ఒక బడి పిల్లల సైన్స్ నాటిక మీద నిరుడు రగిలి చల్లారిన గొడవ ఈ వారం మళ్ళీ రాజుకుంది. గ్రహాంతర శత్రువుల నౌక కృష్ణ ఇసుక తిన్నెల మీద దిగుతుంది. ఒక శాస్త్రవేత్త రాత్రికి రాత్రి ఒంటరిగా అందులోకి చొరబడుతుంది. కథ ఇంతే. నిరుడు పోటీ నిర్ణేతలు ఇది సైన్స్ కాదని పక్కన పెట్టారు. బడివారు తిరగరాసి ఈ ఏడు మళ్ళీ పంపారు. రాతప్రతి చదివిన నిర్ణేతలు, కథ మారలేదు కనుక ప్రదర్శన మళ్ళీ చూడనక్కరలేదని అంటున్నారు. చూడకుండా ఎలా కాదంటారని బడివారు అడుగుతున్నారు. ఈలోగా నిరుటి ప్రదర్శనను ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. జనం ఇప్పుడు తీర్పు చెబుతున్నది ఆ పాత నాటిక మీద.

ఎగిరే పళ్ళేల కథలూ, గ్రహాంతర వాసులు ఉన్నారా లేరా అన్న చర్చలూ చదువరులకు కొత్త కాదు. వాటి జోలికి పోను. ఈ తగవు అర్థం కావాలంటే చూడవలసింది నాటిక మొదటి ప్రతికీ రెండో ప్రతికీ మధ్య ఏం జరిగిందన్నదే. అక్కడ ఒక పాత రహస్య పత్రం ఉంది, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు ఉంది, ఒక జత చెప్పులు ఉన్నాయి.

మొదటి ప్రతిలో శాస్త్రవేత్త చేతిలో పెన్‌డ్రైవ్ ఉంటుంది. నౌకలోకి దూరి, శత్రువుల కంప్యూటర్‌కు దాన్ని తగిలించి వైరస్ ఎక్కిస్తుంది. నౌక కుప్పకూలుతుంది, చప్పట్లు. 1996లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో చూసిన ఉపాయమే ఇది. అంతకు ముందు, 1898 నాటి ఒక ఇంగ్లీషు నవలలో భూమ్మీదికి దండెత్తి వచ్చిన అంగారకులను మన సూక్ష్మజీవులే చంపాయి. ఆ సూక్ష్మజీవి నూరేళ్ళకు కంప్యూటర్ వైరస్‌గా మారింది. నవలలో మనుషులు చేసిందేమీ లేదు. సినిమాలో ఆ వైరస్‌ను మోసుకుని ఇద్దరు మనుషులు లోపలికి వెళ్ళారు. పిల్లలు వాళ్ళలో ఒకరిని తెచ్చుకుని కృష్ణ ఒడ్డున నిలబెట్టారు.

నిర్ణేతలు అప్పుడు చెప్పిన అభ్యంతరం న్యాయమైనదే. ఒక రకం ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాము మరో రకం దాని మీద నేరుగా నడవదు. అలాంటిది, మన అంకెలూ అక్షరాలూ ఎరగని యంత్రం మన వైరస్‌ను ఎలా చదువుతుంది? 1974లో ఆరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి నక్షత్రాల వైపు పంపిన సందేశాన్ని తలుచుకోండి. అందులో ఉన్నవి 1679 సంకేతాలు. 23ను 73తో గుణిస్తే వచ్చే సంఖ్య అది. రెండూ ప్రధాన సంఖ్యలే కనుక, అందుకున్నవారు దాన్ని గడులుగా పేర్చడానికి దారి దొరుకుతుందని ఆశ. ఒక చిన్న బొమ్మ అర్థం కావడానికే అంత జాగ్రత్త పడ్డారు. ఇక వైరస్ సంగతి చెప్పేదేముంది.

దీనికి సమాధానంగా బడి పక్షాన ఎవరో స్టక్స్‌నెట్ పేరు ఎత్తారు. 2010లో బయటపడిన ఆ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రంలో, బయటి నెట్‌వర్కుతో సంబంధం లేని యంత్రాల్లోకి కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకిందన్నది నిజం. కానీ అది పనిచేసింది ఎందుకు? అక్కడ ఏ కంపెనీ నియంత్రణ పరికరాలు వాడుతున్నారో, యురేనియాన్ని శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాలు ఎంత వేగంతో తిరుగుతాయో తయారుచేసినవారికి ముందే తెలుసు కనుక. శత్రువు యంత్రం గురించి ఏమీ తెలియకుండా చేసే వైరస్ చీకట్లో విసిరిన రాయి. నాటిక రాసిన తెలుగు మాస్టారు ఈ మాట దగ్గరే ఆగిపోయారు. ముందు తెలుసుకోవాలి కదా. ఆ తెలుసుకోవడం ఎలా జరుగుతుంది? ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే ఆయనకు లూనిక్ ఉదంతం దొరికింది. నా మట్టుకు నాకు ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే.

1959లో సోవియట్ యూనియన్ అంతరిక్షంలో అమెరికాకు అందనంత ముందుంది. సెప్టెంబరులో లూనా-2 వెళ్ళి చంద్రుణ్ణి తాకింది. అక్టోబరులో లూనా-3 చంద్రుడి ఆవలి ముఖాన్ని ఫొటో తీసింది. వీటినే పాశ్చాత్య దేశాల వారు లూనిక్ అన్నారు. వీటిని మోసిన రాకెట్టూ, అణ్వస్త్రాన్ని ఖండాలు దాటించగల ఆర్-7 క్షిపణీ ఒకే కుదురులోవి. కనుక లూనిక్ బరువు ఎంత, ఇంధనం ఎంత అన్నది అమెరికాకు ప్రాణాల మీది ప్రశ్న. సరిగ్గా ఆ రోజుల్లోనే సోవియట్ ప్రభుత్వం తన పరిశ్రమల ఘనత చాటే ప్రదర్శనను దేశదేశాలు తిప్పుతూ, కొత్త రంగు వేసిన ఒక లూనిక్ పైదశను, అంటే రాకెట్టు పై భాగాన్ని కూడా అందులో పెట్టింది. అందరూ నమూనా అనుకున్నారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మనుషులు ఒక రాత్రి దగ్గరికి వెళ్ళి చూస్తే, ఇంజినూ చాలా మటుకు ఎలక్ట్రానిక్ సామగ్రీ తీసేసిన అసలు నౌకే అది.

అది మెక్సికోలో ఉండగా పథకం వేశారు. ప్రదర్శన ముగిసి సామాను రైల్వే యార్డుకు తరలేటప్పుడు, ఆ రోజు ఆఖరి లారీలో లూనిక్ పెట్టె వచ్చేలా చూశారు. దారిలో లారీని ఆపి, పెట్టె మీద గుడ్డ కప్పి, డ్రైవరును మార్చారు. అసలు డ్రైవరును ఆ రాత్రికి ఒక హోటల్ గదిలో ఉంచారు. యార్డులో లెక్క చూసుకునే సోవియట్ ఉద్యోగి ఇక పెట్టెలేవీ రావనుకుని భోజనానికి వెళ్ళి, అటునుంచి బసకు పోయాడు. లారీ మాత్రం పది అడుగుల చెక్క కంచె ఉన్న ఒక పాత సామాన్ల యార్డులోకి వెళ్ళింది.

పెట్టె పక్క పలకలు లోపలి నుంచి బిగించి ఉన్నాయి. పైకప్పు ఒకటే దారి. అదివరకు ఎన్నోసార్లు తెరిచి మూసిన పెట్టె కావడంతో కప్పు మీద అప్పటికే గాట్లు ఉన్నాయి. ఇంకో నాలుగు పడినా ఎవరికీ తెలియదు. కప్పు విప్పుతుండగా ఒక్కసారిగా దీపాలు వెలిగాయి. పట్టుబడ్డామని గుండె ఆగినంత పనైంది. వెలిగినవి రోజూ ఆ వేళకు వెలిగే వీధి దీపాలు. తాళ్ళ నిచ్చెన వేసుకుని, దీపాలు వేలాడదీసుకుని, ఇద్దరు ముక్కు వైపు, ఇద్దరు తోక వైపు దిగారు. దిగే ముందు బూట్లు విప్పేశారు. లోహం మీద, కొత్త రంగు మీద ఒక్క గీత పడకూడదు. మేజోళ్ళతోనే శత్రువు నౌకలో నిలబడ్డారు.

తోక వైపు మూతకు 130 బోల్టులు. అన్నీ విప్పి మూత పక్కకు జరిపితే, ఇంజిను లేకపోయినా దాన్ని బిగించే బ్రాకెట్లూ, ఇంధన ట్యాంకులూ కనిపించాయి. ఒకచోట సోవియట్ ముద్ర ఉన్న ప్లాస్టిక్ సీలు అడ్డొచ్చింది. దాన్ని తెంపక తప్పలేదు. సరిగ్గా అలాంటి సీలునే ఆ రాత్రే తయారుచేయించి తెచ్చారు. కొలతలు తీసుకున్నారు, భాగాల మీది గుర్తులూ అంకెలూ రాసుకున్నారు, ఫొటోలు తీశారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా అంతా బిగించారు. అయిదింటికి లారీ కదిలింది. ఏడింటికి సోవియట్ ఉద్యోగి యార్డుకు వచ్చేసరికి పెట్టె ఉండవలసిన చోట ఉంది. ఈ కథంతా సీఐఏ 1967లో తన అంతర్గత పత్రికలో రాసుకుంది. పత్రం దశాబ్దాల తర్వాత, దేశం పేరు కొట్టేసిన రూపంలో, బయటికి వచ్చింది. నౌక ఒక రాత్రి మాయమైందని సోవియట్ వారు గ్రహించిన జాడ ఏదీ లేదని అందులో ఉంది.

ఇంతకీ వాళ్ళు తెచ్చుకున్నదేమిటి? బాంబు పెట్టలేదు, మర ఒక్కటి దొంగిలించలేదు. ఆ దశను తయారుచేసిన సంస్థ ఏదై ఉంటుందో తెలిసింది. విద్యుత్ భాగాలు అందించిన ముగ్గురు తయారీదారుల ఆనవాలు దొరికింది. భాగాలకు అంకెలు వేసే పద్ధతి తెలిసింది. ఆ నౌక ఆ వరుసలో అయిదోదని తెలిసింది. అయిదోది అంటే దాని ముందు నాలుగు ఉన్నాయి. ఒక అంకె చదివి కర్మాగారం లోపలికి చూడగలిగారు.

మాస్టారు నాటికను మొదటి పేజీ నుంచి తిరగరాసింది ఇది చదివాకే. రెండో ప్రతిలో పెన్‌డ్రైవ్ లేదు. శాస్త్రవేత్త చేతిలో టార్చీ, కొలత టేపు, నోటు పుస్తకం ఉంటాయి. నౌక తలుపు దగ్గర ఆమె వంగి చెప్పులు విడిచి, పక్కపక్కన పెట్టి, ఉత్త కాళ్ళతో లోపలికి అడుగు వేస్తుంది. నిర్ణేతల దగ్గరికి వెళ్ళిన రాతప్రతిలో ఈ చోటు దగ్గర పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. నౌక ఏమైనా గుడి అనుకున్నారా అన్న మాట కూడా వచ్చిందని బడివారు బాధపడుతున్నారు. అది చదివిన ఆ పెద్దలకు లూనిక్ సంగతి తెలిసి ఉంటే ఆ గుర్తు పడేది కాదని నా నమ్మకం.

నేను ఆ సాధన చూడటానికి వెళ్ళాను. బడి మేడ మీద నౌక నిలబెట్టి ఉంది. ఇనుప చట్రం, దాని మీద పాత రేకులు, వెనుక సగం టార్పాలిన్. అవన్నీ ఆటోనగర్ నుంచి వచ్చినవే. శాస్త్రవేత్త వేషం వేసే ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తారు. ఒక సాయంత్రం ఆయన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక బోల్టు చూపించారట. రంగు వేశాక ఎవరూ ముట్టని బోల్టు అంచుల్లో రంగు అతుక్కునే ఉంటుంది. ఒక్కసారి రెంచి తగిలితే మూల మీద రంగు లేచిపోయి ఇనుము తెల్లగా మెరుస్తుంది. విప్పిన బండిని చూడగానే తాము పోల్చేది ఆ మెరుపుతోనేనని చెప్పారు. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నాటికలో బోల్టు విప్పే ముందు దాని మీద గుడ్డ చుడుతోంది. రాతప్రతిలో ఆ పని లేదు, ఆమె కలుపుకున్నదే. నిర్ణేతలు సైన్స్ ఎక్కడ అని అడుగుతున్నారు. మేడ మీద ఆ పావుగంటలో నాకు కనిపించినంత సైన్స్ ఎన్నో ప్రదర్శనల్లో కనిపించలేదు.

నిర్ణేతల పక్షాన మరో వాదన ఉంది, అది బరువైనదే. శాస్త్రవేత్త పని గూఢచర్యం కాదని, పరుల ఇంట్లో దొంగచాటుగా దూరడాన్ని పిల్లలకు ఘనకార్యంగా చూపకూడదని వారి మాట. యంత్రాన్ని పంపవచ్చు కదా, ప్రాణం పణంగా పెట్టడం దేనికని కూడా అడుగుతున్నారు. మొదటిదానికి మాస్టారు నన్నయ ఆదిపర్వంలోని కచుణ్ణి చూపుతున్నారు. బృహస్పతి కొడుకు రాక్షసుల గురువు శుక్రాచార్యుడి దగ్గరికి వెళ్ళింది ఎవరినీ చంపడానికి కాదు, మృతసంజీవని నేర్చుకోవడానికి. రాక్షసులు అతణ్ణి చంపి, కాల్చి, బూడిదను మద్యంలో కలిపి గురువు చేతే తాగించినా, ఆయన కడుపులో ఉంటూనే ఆ విద్య నేర్చాడు. అయితే కచుడు తానెవరో చెప్పుకునే వెళ్ళాడు. లూనిక్‌లో దిగినవారు చెప్పలేదు. ఈ తేడాను మాస్టారు దాచడం లేదు. నాటికలో శాస్త్రవేత్త బయటికి వచ్చే ముందు నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, తన పేరు రాసి, నౌకలో వదిలి వస్తుంది. సీలును కూడా మళ్ళీ అతికించి వచ్చిన ఆ నలుగురూ చేయని పని ఇది. ఈ సన్నివేశం రెండో ప్రతిలో మాత్రమే ఉంది. వీడియో చూసి మాట్లాడుతున్నవారికి ఇది తెలిసే అవకాశం లేదు.

రెండో అభ్యంతరానికి జవాబు మెక్సికోలోని ఆ పెట్టెలోనే దొరుకుతుంది. ముక్కు భాగంలో ఇరుకు చోట ఇద్దరు మనుషులు ఒక భాగాన్ని తిరిగి తగిలించడానికే దాదాపు గంట పట్టింది. ఏది ముట్టాలో, ఏది ముట్టకూడదో చేతి వేళ్ళతో తెలుసుకుంటూ చేయవలసిన పని. ఆనాడు దాన్ని చేయగల యంత్రం లేదు. ఈనాడు ఉండవచ్చు. ఆ మాట మీద నాటికలో ఒక సంభాషణ చేర్చడానికి బడివారు ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకున్నట్టు నిర్ణేతలకు ఉత్తరం రాశారు. దానికి ఇంకా జవాబు రాలేదు.

ముగింపులో గెలుపు లేదన్నది ఆఖరి ఫిర్యాదు. నిజమే, నౌక కూలదు. తెల్లవారుతుండగా శాస్త్రవేత్త ఇసుకలోకి దిగి, చెప్పులు తొడుక్కుని, ఒడ్డున తనకోసం కాచుకున్న పడవవాడికి నోటు పుస్తకం చూపిస్తుంది. నేను చూసిన సాధనలో అప్పటికి చీకటి పడింది. మేడ మీద దీపం లేదు. అమ్మాయి టార్చీ వెలిగించి పుస్తకం మీద పెట్టి, తాను నౌకలో రాసుకున్న అంకె చదివింది. ఇది అయిదోది, అంది. పడవవాడి వేషంలో ఉన్న కుర్రవాడు కాసేపు ఆకాశం వైపు చూసి, మిగతా నాలుగూ ఎక్కడున్నాయని అడిగాడు.