ఎవరూ కాపురముండని ఇల్లు

చిన్నోడికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూసొచ్చి చిన్నోడు ఫోన్లో అడిగాడు: "ఎవరూ ఉండని ఇంటిని ఊడ్చి, సున్నాలు వేయించడం ఎందుకు తాతయ్యా? అమ్మేస్తే అపార్టుమెంటు కట్టుకుంటారుగా?"

మా చిన్నప్పుడు విత్తనపు వడ్లు వేరే పోసేవాళ్లం. తిండిగింజలు అడుగంటిన ఏడు కూడా నాయనమ్మ వాటి జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. వేపాకు వేసేది, ఎండబెట్టేది, పురుగు పట్టిందేమోనని గుప్పిట్లోకి తీసి చూసేది. వాటిమీదెక్కి దొర్లినందుకు నా వీపు విమానం మోత మోగింది. ఆ ఇల్లు కూడా విత్తనపు వడ్లేరా. అమ్ముకుంటే ఒక్క పూట భోజనం. చెదలు పట్టకుండా, వానకు కారకుండా, గాలాడనిస్తూ కాపాడితే మొలకెత్తుతుంది. ఇల్లు మొలకెత్తడమేమిటని బుజ్జి నవ్వుతుంది. నవ్వనీ.

అప్పట్లో పసిపిల్లలకే పెళ్లిళ్లు చేసేవారు. మొగుడు పోతే ఆ పిల్ల ఇక జన్మంతా పూలు పెట్టుకోకూడదు, శుభకార్యాలకి ఎదురు రాకూడదు. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. చట్టం వచ్చి పీటలమీద కూచోదు కదా! పాతికేళ్లు గడిచాక, 1881 డిసెంబరు 11 రాత్రి, బడిలో తెలుగు చెప్పుకునే పంతులుగారు గౌరమ్మ అనే పిల్లకి ఆ ఇంట్లోనే మళ్లీ పెళ్లి చేశారు. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. ఊళ్లో పెద్దలు వెలి అన్నారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ వారంలోనే ఇంకో పెళ్లి జరిగింది. చూశావా బుజ్జీ, మొలక!

పంతులుగారికి విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. నాకు మాత్రం ఆ ఇల్లు తలుచుకుంటే ముందు ఆవిడ బిందే గుర్తొస్తుంది. మీరూ మంచి పని జరిగేచోట గట్టున నిలబడి చూడకండి, ఏదో ఒకటి అందుకోండి.

ఈసారి వెళ్తే గదుల ముందు ఫోటోలు దిగి వచ్చేయకండి. గోదావరి రేవుకి వెళ్లి నిండు బిందెతో ఆ ఇంటిదాకా నడవండి. బుజ్జి దార్లో ఎన్నిసార్లు దించిందో చిన్నోడు రాయాలి, చిన్నోడిది బుజ్జి రాయాలి. మీ నాన్నచేత మోయించారో, లెక్కలోకి రాదు.

మీ తాతయ్య