చల్క, రేగడి ఒకే అంతస్తు

శంషాబాద్ అవతల కొద్దిపాటి పొలం కొన్న పాఠకుడొకరు నేల సర్వే రిపోర్టు చూసి అడిగారు: "‘2.5 వైఆర్ 3/6’ అని రాశారండీ, ఎరువు మోతాదా ఇది?" కాదు, అది ఆయన మట్టి రంగు. బోస్టన్‌లో బొమ్మలు నేర్పే అల్బర్ట్ మన్‌సెల్ 1905లో పుస్తకంగా తెచ్చిన పద్ధతి ఇది.

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. మధ్యలో లిఫ్టు. సున్నా అంతస్తు కటిక నలుపు, పదోది అచ్చ తెలుపు. లిఫ్టులో ఉన్నంతసేపూ బూడిద రంగే తేటపడుతూ పోతుంది. ఈ అంతస్తే వాల్యూ. లిఫ్టు దిగి ఎటు తిరిగారన్నది హ్యూ. చుట్టూ వంద దిక్కులు. అటు వరండాలో ఎంత దూరం నడిచారన్నది క్రోమా; నడిచేకొద్దీ రంగు చిక్కబడుతుంది. వైఆర్ అంటే ఎల్లో-రెడ్; మనవారి మట్టి ఎరుపు నుంచి పసుపుకు మళ్లే దిక్కున, మూడో అంతస్తులో, ఆరో గుమ్మం దగ్గర ఉందన్నమాట.

అసలు మజా వరండాల పొడవులో ఉంది. పసుపు వరండా ఎనిమిదో అంతస్తులో చాలా దూరం సాగుతుంది, కింది అంతస్తుల్లో కురచ. ఊదా కలిసిన నీలం దీనికి తలకిందులు: నాలుగో అంతస్తులో పొడవు, పైన పొట్టి. కారణం మన కన్నే. చిక్కటి పసుపు ఎప్పుడూ తేటగానే కనిపిస్తుంది. మన్‌సెల్ మొదట రంగులన్నీ గోళంలో ఇముడుతాయనుకుని తర్వాత ఆ ఆలోచన వదిలేశాడు. ఇంత వంకర భవనాన్ని మన వాస్తు పండితులు చూస్తే కూలగొట్టించేవారు!

అంతస్తుల ఎత్తు కూడా కన్ను చెప్పినట్టే. నడిమధ్య బూడిదగా కనిపించే అయిదో అంతస్తు, పడిన వెలుగులో వెనక్కి పంపేది సుమారు 20 శాతమే. మూడోది ఏడు శాతం లోపే. 1943లో అమెరికా ఆప్టికల్ సొసైటీ కమిటీ ఈ లెక్కను అయిదో ఘాతం దాకా పోయే సమీకరణంగా బిగించింది.

బళ్లో విబ్జియార్ బట్టీ పట్టిస్తారు గానీ, అందులో బ్రౌన్ ఎందుకు లేదని ఏ మాస్టారూ చెప్పరు. అది నారింజ దిక్కే; నాలుగంతస్తులు కిందికి దిగి, లిఫ్టు వైపు కాస్త జరిగితే బ్రౌన్. ఇంద్రధనుస్సులో దిక్కులే తప్ప అంతస్తులు ఉండవు మరి.

పొలంలో పని తేలిక. మట్టిపెళ్ల తడిపి, ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో, చార్టు రంధ్రం వెనక పెట్టి పక్కనున్న రంగుచీటీతో పోల్చాలి. అదే పెళ్ల ఎండితే అంతస్తు పైకెక్కుతుంది, అందుకే తడిదో పొడిదో రాసి తీరాలి.

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రనేలా, నల్లరేగడీ రెండూ ఉన్నాయి. రేగడికి 10 వైఆర్ 3/1 లాంటి అంకెలు వస్తుంటాయి. ఆ 3 చూశారా? శంషాబాద్ మట్టిది, అంటే మన ఎర్ర చల్కదీ మూడో అంతస్తే! రెండూ ఒకేలా ముదురు. రేగడి లిఫ్టు పక్కనే నిలబడింది, చల్కను హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఎరుపు వైపు వరండాలోకి లాక్కుపోయింది. గోథైట్ అనే మరో ఇనుప ఖనిజం ఎక్కువైతే అదే ఇనుము పసుపు వైపు తిప్పుతుంది.