లినక్స్‌లో ఏ డ్రైవర్ ముందు?

ఆర్మ్ చిప్‌లున్న బోర్డులు మొదలయ్యేటప్పుడు రాసే బూట్ లాగ్ చూసేవాళ్లకు -517 అనే ఎర్రర్ పాత పరిచయమే. డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం) పాడైందని కాదు దానర్థం. ‘నాకు కావాల్సిన పరికరం ఇంకా సిద్ధం కాలేదు, తర్వాత పిలవండి’ అని డ్రైవర్ లినక్స్ మూలభాగమైన కెర్నల్‌కి చెప్పడం. ఈ మాట చెప్పే వీలు రావడానికి లినక్స్‌కి ఇరవై ఏళ్లు పట్టింది.

1991లో వచ్చిన లినక్స్ వెర్షన్ 0.01లో, డ్రైవర్లు మొదలయ్యే వరుస మొత్తం ఒక్క ఫైల్లోనే రాసి ఉండేది: ముందు టీటీవై (టెర్మినల్), చివర్లో హార్డ్ డిస్క్. డ్రైవర్లు పెరిగేకొద్దీ ఆ జాబితాని చేత్తో రాయడం కుదరలేదు. 2001లో 2.4 విడుదలయ్యేనాటికి ‘ఇనిట్‌కాల్’ పద్ధతి వచ్చింది. మొదట నడవాల్సిన ఫంక్షన్‌కి డ్రైవరే గుర్తు పెడుతుంది, కోడ్ ముక్కలను కలిపే లింకర్ వాటన్నిటినీ ఒకచోట చేరుస్తుంది, కెర్నల్ వరసగా పిలుస్తుంది. జాబితా బెడద పోయింది కానీ, ఎవరు ముందన్నది, ఏ ఫైళ్లను కంపైల్ చేయాలో చెప్పే మేక్‌ఫైల్‌లో ఎవరి పేరు పైన ఉందన్నదాన్ని బట్టి తేలేది! 2.6లో కోర్, ఆర్చ్, సబ్‌సిస్, డివైస్, లేట్ వంటి, ఒకదాని తర్వాత ఒకటి నడిచే స్థాయిలు ఉన్నా, ఒకే స్థాయిలో ఉన్నవాటికి మళ్లీ మేక్‌ఫైలే దిక్కు. చిప్ పిన్‌లకు పని కేటాయించే పిన్‌కంట్రోల్ తర్వాతే, ఆ పిన్‌లను వాడే జీపీఐఓ రావాలని అందులో ఓ కామెంట్ కూడా ఉంది.

పీసీల్లో దీనితో నెట్టుకొచ్చారు. పీసీ ఆన్ కాగానే నడిచే బయోస్ అప్పటికే అన్నిటికీ కరెంటిచ్చి ఉంచేది, పరికరాలను కలిపే పీసీఐ బస్ మీద ఏమున్నాయో వెతికితే తెలిసేది. ఫోన్ చిప్‌లు వేరు. ఎస్‌డీ కార్డుకి కరెంటిచ్చే రెగ్యులేటర్ కావాలి, ఆ రెగ్యులేటర్ ఐ2సీ బస్ మీద ఉంటుంది, ఐ2సీకి క్లాక్ సిగ్నల్ కావాలి. దాంతో ఎవరికివారు, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, తమ డ్రైవర్‌ని సబ్‌సిస్ స్థాయికి ఎక్కించేసేవారు. అందరూ ఎక్కాక ఆ స్థాయికి అర్థమేముంది?

2012లో 3.4 కెర్నల్‌తో గ్రాంట్ లైక్లీ రాసిన ‘డిఫర్డ్ ప్రోబ్’ (వాయిదా వేసిన ప్రయత్నం) వచ్చింది. -517 అక్కడిదే. వరుస ముందే కనిపెట్టే పని లేదు: ఏదైనా డ్రైవర్ విజయవంతంగా మొదలైతే, ఆగిపోయినవాటిని మళ్లీ ప్రయత్నిస్తారు. నిజానికి ఇది సమస్యను తప్పించుకోవడమే, కానీ పనిచేసింది. చిక్కల్లా, కావాల్సిన డ్రైవర్ అసలు రాకపోతే పరికరం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. పైగా మళ్లీ మళ్లీ ప్రయత్నాలతో బూట్ సమయం వృథా.

ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో నమోదు చేసే ‘డివైస్ లింక్స్’ 2017లో, 4.10తో వచ్చాయి. అయితే ఆ సంబంధాలు చాలావరకు, బోర్డు మీద ఏమేం ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీలో అప్పటికే రాసి ఉన్నాయి. వాటిని చదివి లింకులు తానే కట్టే ఏర్పాటుని గూగుల్‌కి చెందిన శరవణ కన్నన్ తెచ్చారు. దాన్ని 5.12లో డిఫాల్ట్‌గా పెట్టబోయి, ఫిర్యాదులు రావడంతో వెనక్కి తీసుకుని, 2021లోనే 5.13లో మళ్లీ పెట్టారు. రెండు పరికరాలు ఒకదాన్నొకటి చూపించుకునే బోర్డులూ ఉన్నాయి. అలాంటి చోట కెర్నల్ ఆ లింకులను సడలించి, మిగతాది డిఫర్డ్ ప్రోబ్‌కే వదిలేస్తుంది.