పల్లె మెన్నోనైట్ సంఘాల చరిత్ర: అపోహలు, వాస్తవాలు

అపోహ: మందిరం మీద చెక్కిన సంవత్సరమే సంఘం పుట్టిన సంవత్సరం.

మెన్నోనైట్లు ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ. వాళ్ల సంఘ చరిత్ర రాయబోయి బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, గెస్సెల్ దగ్గర అలెగ్జాండర్‌వోల్ సంఘం ఉంది. దాని మందిరం కట్టింది 1886లో. సంఘం ఆ నేలకు వచ్చింది 1874లో. అంతకుముందు యాభై ఏళ్లకు పైగా ఇప్పటి ఉక్రెయిన్‌లోని మొలోచ్నా కాలనీలో ఉంది. అక్కడికి వెళ్లడానికి అప్పటి ప్రష్యాలోని విస్తులా నది ప్రాంతం (ఇప్పుడు పోలండ్) నుంచి 1820లో బయలుదేరింది. ఇన్నిసార్లు ఊరు మారినా సంఘ రిజిస్టరు, అంటే సభ్యుల కుటుంబాలూ బాప్తిస్మాలూ రాసుకునే పుస్తకం, వాళ్ల వెంటే వచ్చింది. కాబట్టి వెతుకులాట శంకుస్థాపన రాయితో కాదు, రిజిస్టరుతో మొదలుపెట్టాలి.

అపోహ: బాప్తిస్మం తేదీ దొరికితే పుట్టిన తేదీ దొరికినట్టే.

మెన్నోనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఆ రోజుకు మనిషి వయసు పదిహేను కావచ్చు, ఇరవై దాటి ఉండొచ్చు. పుట్టిన తేదీ కోసం రిజిస్టరులో కుటుంబాల పేజీ తిప్పాలి. పసితనంలోనే పోయిన బిడ్డ పేరు ఆ పేజీలో తప్ప ఇంకెక్కడా కనబడకపోవచ్చు. చేతిరాత పాత జర్మన్ లిపిలో ఉంటుంది. అందులో ‘ఇ’ (e), ‘ఎన్’ (n) అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి, ఇంటిపేర్లు తారుమారయ్యేది అందుకే. ‘యు’ (u) మీద మాత్రం చిన్న వంపు గీత పెడతారు, దాన్ని పట్టుకుంటే సగం పదం తేలిపోతుంది.

అపోహ: రిజిస్టరులో తేదీ ఉందిగా, దించుకుంటే సరి.

రష్యాలో రాసినవి పాత (జూలియన్) క్యాలెండర్ తేదీలు, ఇప్పటి క్యాలెండర్ కంటే వెనకబడి ఉంటాయి. 19వ శతాబ్దపు తేదీలకు 12 రోజులు కలపాలి. మెన్నోనైట్ బ్రదరెన్ శాఖ వేరుపడ్డ పత్రం మీద 1860 జనవరి 6 అని ఉంటుంది, కొత్త లెక్కలో అది జనవరి 18. తేదీ మార్చి ఊరుకుంటే తర్వాత చూసినవాళ్లు ఇంకో 12 కలుపుతారు. అసలు తేదీని అలాగే ఉంచి, మార్చినదాన్ని పక్కన రాయండి.

అపోహ: మెన్నోనైట్లన్నా ఆమిష్‌లన్నా ఒకటే.

గుర్రబ్బండ్లకు పేరుపడ్డ ఆమిష్ శాఖ 1693లోనే చీలిపోయింది. గుర్రబ్బండ్లు వాడే మెన్నోనైట్లూ ఉన్నారు గానీ కొందరే.

అపోహ: బోధకుణ్ణి ఎంచుకునే పద్ధతి అన్ని సంఘాల్లోనూ ఒకటే.

పెన్సిల్వేనియా వైపు చాలా సంఘాల్లో చీటీ పడేది. సభ్యులు చెప్పిన పేర్లు ఎన్నో, అన్ని పుస్తకాలు, అన్నీ ఒకేలాంటివి, బల్ల మీద పెడతారు. ఒకదాంట్లో బైబిల్ వచనం సామెతలు 16:33 రాసిన చీటీ ఉంటుంది. పేరు వచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకుంటారు. బిషప్ వరుసగా తెరిచి చూస్తారు. చీటీ ఎవరికొస్తే అతనే బోధకుడు. ఎక్కువగా రైతే, జీతం ఉండదు, బాధ్యత జీవితాంతం. రష్యా మీదుగా వచ్చిన సంఘాల్లోనైతే పురుష సభ్యులు ఓటు వేసేవారు. అందుకే ‘ఎన్నికయ్యారు’ అని రాసేముందు ఆ సంఘం ఏ దారిన వచ్చిందో చూడండి.