ఆటల్లోంచి ఆఫీసుకు: పన్నెండేళ్లుగా నేను వింటున్న అపోహలు, చూసిన వాస్తవాలు

పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కూకట్‌పల్లిలో ఒక ఇండోర్ కోర్టులో పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పిస్తాను. తర్వాత ఇంటికెళ్లి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదకొండుకల్లా మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏదో ఒక ఆఫీసులో ‘ఆటల నుంచి నాయకత్వ పాఠాలు’ చెప్తాను. పన్నెండేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. కాబట్టి ఈ రంగంలో తిరిగే అబద్ధాల్లో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పేసుకుంటున్నా. మొదట్లో నేనూ తెర మీద ధోనీ సిక్సర్ చూపించి, అందరితో చప్పట్లు కొట్టించి, చెక్కు జేబులో వేసుకుని వచ్చేసినవాణ్ణే.

హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ చేస్తే అడిగేది ఒకటే. "సార్, మావాళ్లలో కొంచెం జోష్ నింపాలి, గంటన్నర చాలు." జోష్ అనేది ఆటలో ఆఖర్న చల్లే కొత్తిమీర. కూర వండకుండా కొత్తిమీర చల్లమంటే నేనేం చేయను?

అపోహ: సరైన టైమ్‌లో కెప్టెన్ గట్టిగా నాలుగు మాటలు చెబితే టీమ్ మారిపోతుంది

బ్యాడ్మింటన్‌లో ఒకరి స్కోరు 11కి చేరగానే విరామం ఇస్తారు. 60 సెకన్లు. కోచ్ కోర్టు పక్కకొచ్చి మాట్లాడొచ్చు. సినిమాల్లో అయితే ఈ 60 సెకన్లలోనే కథ మలుపు తిరుగుతుంది.

ఒకసారి అండర్-15 టోర్నమెంట్‌లో మా అమ్మాయి 11-7తో ముందుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, టాస్ లోతుగా వెయ్యి, నెట్ దగ్గర తొందరపడకు, ఆ పిల్ల బ్యాక్‌హ్యాండ్ చూడు, సర్వీస్ పొట్టిగా వెయ్యి, ఊపిరి తీసుకో, భయపడకు అని గుక్క తిప్పుకోకుండా ఆరు ముక్కలు చెప్పాను. ఆ పిల్ల నీళ్ల సీసా పట్టుకుని అన్నిటికీ తలూపింది, మూత తియ్యడం కూడా మర్చిపోయింది. తిరిగి కోర్టులోకి వెళ్లి వరసగా ఐదు పాయింట్లు పోగొట్టుకుంది. మ్యాచ్ అయ్యాక "నేను చెప్పినవి గుర్తున్నాయా?" అని అడిగితే, "భయపడకు అన్నది గుర్తుంది సార్, అది విన్నాకే భయమేసింది" అంది.

వాస్తవం ఏంటంటే ఆ నిమిషంలో కొత్తది ఏదీ నేర్పలేం. అంతకుముందే వందలసార్లు చేసిన దాన్ని ఒక్క మాటతో గుర్తు చేయగలం, అంతే. ఇప్పుడు నేను చెప్పేది ఒకే వాక్యం. "ఫోర్‌హ్యాండ్ మూలకి ఆడు, నీళ్లు తాగు." ఆ ఒక్క వాక్యం పనిచేయాలంటే దాని వెనక మూడు నెలల ఫీడింగ్ ఉండాలి. డబ్బా నిండా పాత షటిల్స్ పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి అదే మూలకి వేస్తూ ఉంటాను, పిల్ల అక్కడికి వెళ్లి కొట్టి మధ్యలోకి రావాలి, మళ్లీ వెళ్లాలి. చూసేవాళ్లకి మహా విసుగు. పిల్లల్ని దింపడానికి వచ్చిన నాన్నలు పది నిమిషాలు చూసి ఫోన్ తీస్తారు.

ఆఫీసుల్లో లేనిది సరిగ్గా ఇదే. మా పిల్లలు వారమంతా ప్రాక్టీస్ చేసి ఆదివారం ఒక మ్యాచ్ ఆడతారు. ఆఫీసులో సోమవారం నుంచి శుక్రవారం దాకా అన్నీ మ్యాచులే. కొత్తగా చేరిన సేల్స్ కుర్రాడు కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడటం ఎక్కడ నేర్చుకుంటాడు? కోపంగా ఉన్న అసలు కస్టమర్ దగ్గరే. అక్కడ తడబడితే రివ్యూ మీటింగ్‌లో అందరి ముందూ పీకుతారు, ఆ తర్వాత నాలాంటివాణ్ణి పిలిచి జోష్ నింపమంటారు.

ఒక చిన్న కంపెనీలో మాత్రం యజమాని నా మాట విని బుధవారం నాలుగు నుంచి ఐదు దాకా ప్రాక్టీస్ అని పెట్టాడు. ఇద్దరిద్దరు కూర్చోవాలి, ఒకరు కస్టమర్, ఒకరు సేల్స్. "మీ రేటు ఎక్కువ, పక్కవాడు తక్కువకే ఇస్తున్నాడు" అన్న ఒకే ఒక్క మాటకి జవాబు చెప్పడం మాత్రమే, గంటసేపు. మొదటి రెండు వారాలు పగలబడి నవ్వుకున్నారు. మూడో వారానికి ఒకమ్మాయి నోట్‌బుక్‌లో జవాబులు రాసుకుని వచ్చింది, నాలుగో వారం ఆ నోట్‌బుక్ ఫొటో వాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగింది.

రియో ఒలింపిక్స్ ముందు గోపీచంద్ మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేకుండా చేసిన సంగతి మనందరికీ తెలుసు. దాన్నుంచి పాఠం నేర్చుకున్న ఒక మేనేజర్ మీటింగ్ గది బయట ఫోన్లకి బుట్ట పెట్టించాడు. తన ఫోన్ మాత్రం చేతిలోనే. పాఠం అంటే జనానికి ఇంతే తలకెక్కుతుంది.

అపోహ: బాగా ఆడినవాడే బాగా నడిపిస్తాడు

దీనికి నేను డబ్బు కట్టి మరీ నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ల కింద రెండో సెంటర్ తెరిచినప్పుడు, రాష్ట్ర స్థాయిలో మంచి ర్యాంకు ఉన్న కుర్రాణ్ణి హెడ్ కోచ్‌గా పెట్టుకున్నా. ఫ్లెక్సీ మీద అతని ఫొటో వేస్తే అడ్మిషన్లు బాగానే వచ్చాయి. కోర్టులో అతను "ఇదిగో, ఇలా కొట్టాలి" అని ఒక స్మాష్ కొట్టేవాడు, గోడ అదిరిపోయేది. పిల్లకి రాకపోతే మళ్లీ ఇంకా గట్టిగా కొట్టి చూపించేవాడు. "ఇంత సింపుల్, నీకెందుకు రావట్లేదు?" అనేవాడు. పాపం, అతనికి నిజంగానే అర్థమయ్యేది కాదు, ఎందుకంటే తనకి ఎలా వచ్చిందో తనకే తెలియదు. ఆరు నెలల్లో 22 మంది పిల్లల్లో 9 మంది మానేశారు. తప్పు అతనిది కాదు, ఫ్లెక్సీ చూసి మురిసిపోయిన నాది.

బెస్ట్ సేల్స్‌మ్యాన్‌ని మేనేజర్ చేసి, ఒక మంచి సేల్స్‌మ్యాన్‌ని పోగొట్టుకుని ఒక చెడ్డ మేనేజర్‌ని తెచ్చుకున్న కంపెనీలు ఈ ఊర్లో ఎన్నో.

మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది, కానీ ఐటీ కుర్రాళ్లలో పదిమందిని అడిగితే ఇద్దరికి తెలిస్తే గొప్ప. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడి పంతులు. ఆటగాడిగా కాదు, ఫుట్‌బాల్ కోచ్‌గానే ఆయన పేరు నిలిచింది. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లో, మళ్లీ 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ నాలుగో స్థానం దగ్గరికి మన ఫుట్‌బాల్ మళ్లీ వెళ్లనే లేదు.

1962 జకార్తాలో రహీం సాబ్ చేసిన ఒక పని నేను ప్రతి వర్క్‌షాప్‌లో చెప్తాను. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మనమైతే ఏం చేస్తాం, బెంచీ మీద కూర్చోబెడతాం. రహీం అతన్ని వెనక నుంచి తీసి ముందు వరసలో ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయారు. ఆ టోర్నీలో ఆయన ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఎవణ్ణి ఎక్కడ నిలబెట్టాలో మాత్రం ఆయనకి తెలుసు.

దీని పక్కనే 2001 కోల్‌కతా టెస్టు చెప్పాలి. లక్ష్మణ్ 281 గురించి మాట్లాడని హైదరాబాదీ ఉండడు, నేనూ మాట్లాడతాను. కానీ ఆఫీసులో నేను అడిగేది ద్రావిడ్ గురించి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో నంబర్‌లో దిగిన లక్ష్మణ్ 59 కొట్టాడని, ఫాలోఆన్‌లో అతన్ని మూడుకి పంపారు. ఆ మూడో స్థానం ద్రావిడ్‌ది. నీ కుర్చీ వేరేవాడికి ఇస్తున్నాం, నువ్వు ఆరుకి వెళ్లు అంటే ద్రావిడ్ వెళ్లాడు, వెళ్లి 180 కొట్టాడు, ఇద్దరూ కలిసి 376 జోడించారు. "మీ టీమ్‌లో ఆ ద్రావిడ్ ఎవరు?" అని అడుగుతాను. ఎక్కువసార్లు గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర సీటు మారిస్తేనే అవమానం, ఆ సీటు కిటికీ పక్కది అయితే ఇంకా పెద్ద అవమానం.

అపోహ: స్టార్లని తెచ్చుకుంటే చాలు

ఐపీఎల్‌లో ఒకప్పటి మన హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ గుర్తుందా? 2008లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, లక్ష్మణ్, రోహిత్ అందరూ ఉండి పట్టికలో ఆఖరు. 2009లో చాలావరకు అదే బృందంతో ఛాంపియన్. ఫైనల్లో గిల్‌క్రిస్ట్ సున్నాకే ఔటయ్యాడు, అయినా 6 పరుగులతో గెలిచారు. దీని మీద ఇంతకంటే చెప్పేదేం లేదు.

అపోహ: ఓటమే విజయానికి మెట్టు

ఈ వాక్యం క్యాలెండర్లకి బాగుంటుంది. ఓటమి మెట్టు కాదు, ఓటమి ఓటమే. దాన్ని మెట్టు చేయడం వేరే పని, చాలామంది అది చేయరు.

2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి మూడో గేమ్‌లో 20-22తో ఓడిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్, ఈసారి స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓటమి. "ఫైనల్స్‌లో చేతులెత్తేస్తుంది" అని మా కోర్టు బయట టీ కొట్టు దగ్గర కూడా అన్నారు. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారా మీద 21-7, 21-7. మధ్యలో కాలం గడవడం ఒక్కటే జరిగి ఉంటే ఈ స్కోరు రాదు. కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్‌తో కూర్చుని ఆటలో లోపాలు ఒక్కోటీ పట్టుకుని పనిచేసింది. ఓడిపోయిన మ్యాచ్ వీడియో చూడటం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుసు. మా పిల్లలకి చూపిస్తే మొదటి ఐదు నిమిషాలు తల దించుకుంటారు.

ఇంకో సంగతి. ఓడినవాడి చేతిలోంచి బంతి లాక్కోకపోవడం. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టులో మన సిరాజ్ బౌండరీ దగ్గర ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ పట్టి, పట్టినట్టే పట్టి తాడు తొక్కాడు. అప్పుడు బ్రూక్ స్కోరు 19, చివరికి 111 కొట్టాడు. ఆ రాత్రి ఆ మనిషి ఎలా నిద్రపోయాడో! ఐదో రోజు పొద్దున ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లు చేతిలో ఉన్నాయి. బంతి మళ్లీ సిరాజ్‌కే ఇచ్చారు. ఆ నాలుగులో మూడు అతనే తీశాడు, 6 పరుగులతో గెలిచాం. ఆఫీసులో అయితే? తాడు తొక్కిన సాయంత్రమే "క్లయింట్ కాల్స్‌లోంచి అతన్ని తీసేయండి" అని మెయిల్ వస్తుంది. నాకు తెలిసిన ఒకాయనకి అలాగే వచ్చింది, ఒక్క తప్పు డెమో ఇచ్చినందుకు. ఆయన ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, డెమోలు బాగా ఇస్తాడని చెప్పుకుంటారు.

అపోహ: ఆటగాళ్లు ఎప్పుడూ నూటికి నూటపది శాతం ఇస్తారు

ఇవ్వరు. ఇస్తే మోకాలు పోతుంది. అదే సిరీస్‌లో బుమ్రా ఐదు టెస్టుల్లో మూడే ఆడాడు, ఆ లెక్క ముందే అనుకున్నది. సిరాజ్ ఐదూ ఆడి 1,100కి పైగా బంతులు వేశాడు. ఏ ఒంటికి ఎంత బరువో చూసి నిర్ణయిస్తారు, అందరికీ ఒకే కొలత ఉండదు. మా పిల్లలకి కూడా వారంలో ఒక రోజు పూర్తి సెలవు, టోర్నమెంట్ ముందు రెండు రోజులు తేలిక ఆట. రిలీజ్ ముందు రాత్రి రెండు దాకా ఆఫీసులో కూర్చోబెట్టి పిజ్జాలు తెప్పించడాన్ని ‘స్పోర్ట్స్ స్పిరిట్’ అనేవాళ్లు ఒక్కసారి పొద్దున మా కోర్టుకి వచ్చి, నిద్రలేని పిల్లాడు నెట్ దగ్గర షటిల్‌ని ఎలా మిస్సవుతాడో చూడాలి.

అపోహ: ఆటలో పనిచేసేదంతా వ్యాపారంలోనూ పనిచేస్తుంది

ఇది నా పొట్ట మీద నేనే కొట్టుకునే భాగం. ఆటలో ఒకడు గెలవాలంటే ఇంకొకడు ఓడాలి, వ్యాపారంలో అలా ఉండక్కర్లేదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లన్నీ పక్కపక్కనే ఉండి అన్నీ బతికాయి. 21 పాయింట్లకి గేమ్ అయిపోతుంది, ఆఫీసులో పని ఎప్పుడు అయిపోయినట్టు? జట్టులోంచి తీసేసిన ఆటగాడికి రంజీ ఉంది, అక్కడ పరుగులు కొట్టి తిరిగి రావచ్చు. ఉద్యోగంలోంచి తీసేసినవాడికి ఈఎంఐ ఉంది.

ఈమధ్య ఒక వర్క్‌షాప్ ఆఖర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అంటే, వెనక వరసలోంచి ఒకబ్బాయి లేచాడు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "సార్, అంతా మంచిగ చెప్పిన్రు. మా ఆటల అంపైర్ ఎవరు సార్?"

నేను వాళ్ల మేనేజర్ వైపు చూశాను. ఆయన సమోసాల ప్లేటు వైపు చూస్తున్నాడు.